వన్‌టౌన్‌లో పాత ప్రెస్సు మేడ, కింద హోటళ్లు: ఎవరికైనా తెలుసా?

విజయవాడ వన్‌టౌన్‌లో మా తాతయ్య రోజూ టిఫిన్ చేసిన మేడ ఒకటుంది. అంతకుముందెప్పుడో అక్కడ పత్రిక అచ్చయ్యేదట. ప్రెస్సు పోయాక కింది భాగంలో ఒకరి తర్వాత ఒకరు హోటళ్లు పెట్టారు. ఆయనకు పెసరట్టు రుచి గుర్తుంది గానీ పత్రిక పేరు గుర్తులేదు!

1867 నాటి ప్రెస్ చట్టం ప్రకారం అప్పట్లో పత్రిక మీద ముద్రించినవారి పేరు, అచ్చయిన చోటు వేయాల్సి ఉండేది. కాబట్టి పాత సంచిక ఒక్కటి దొరికినా చాలు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు వెతికినవాళ్లున్నారా? ముందే అనుమతి అడగాలా?

హోటళ్ల సంగతే కష్టంగా ఉంది. పాత అద్దె కాగితాలు రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతాయా? ఆ వీధిలో పెరిగిన పెద్దవాళ్లు ఒక్క బోర్డు పేరు చెప్పినా పుణ్యం ఉంటుంది.