యంగ్స్‌టౌన్ ఉక్కు మిల్లు ఒక్కరోజులో మూతపడిందా?

ప్రశ్న:
మన పత్రికల్లో పెట్టుబడుల ఉపసంహరణ అంటే ప్రభుత్వం తన సంస్థల్లోని వాటాలను అమ్మడమే. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్ గురించి చదువుతుంటే ప్రైవేటు మిల్లుల విషయంలోనూ అదే మాట కనిపించింది. 1977 సెప్టెంబరు 19, సోమవారం నాడు యంగ్స్‌టౌన్ షీట్ అండ్ ట్యూబ్ కంపెనీ తన క్యాంప్‌బెల్ మిల్లును మూసివేస్తున్నట్లు ప్రకటించడంతో దాదాపు 5,000 మంది ఉపాధి పోయింది. దిగుమతుల దెబ్బకు మూతపడిన మిల్లు విషయంలో ఆ మాట వాడవచ్చునా?

మొదటి సమాధానం:
వాడవచ్చునండీ. దిగుమతుల పోటీ నిజమే, కాని ఆ పోటీకి నిలిచే సత్తువ మిల్లుకు ఎప్పుడు తగ్గిందో కూడా చూడాలి. 1969లో న్యూ ఆర్లియన్స్‌కు చెందిన లైక్స్ అనే ఓడల రవాణా సంస్థ ఆ కంపెనీని అప్పు చేసి కొన్నది. అప్పటినుంచి ఉక్కు మీద వచ్చిన రాబడి ఆ అప్పులు తీర్చడానికి మళ్లింది. జపాన్ మిల్లులు ఉక్కును చాలా వేగంగా తయారుచేసే ఆక్సిజన్ కొలుములకు మారిపోయినా, క్యాంప్‌బెల్‌లో నెమ్మదిగా పనిచేసే పాత ఓపెన్ హార్త్ కొలుములే మిగిలాయి. వాటా అమ్మనక్కరలేదు, వచ్చిన లాభాన్ని తిరిగి యంత్రాల మీద పెట్టకపోయినా అది ఉపసంహరణే.

రెండో సమాధానం:
పై సమాధానం చదువుతుంటే మా నాన్నగారు గుర్తుకొచ్చారు. ఆయన పనిచేసిన నూలు మిల్లులో, మూతపడడానికి చాలా ఏళ్ల ముందే, విడిభాగాలు కొనడం మానేశారు. ఒక మగ్గం పాడైతే పక్క మగ్గం విప్పి, దాని పళ్లచక్రం తెచ్చి బిగించి నడిపేవారు. ఆ విప్పిన మగ్గం మీద గుడ్డ కప్పి ఉంచేవారట. గుడ్డ కప్పిన మగ్గాలు వరుసలో సగానికి చేరినప్పుడే తమ పని అయిపోయిందని ఆయనకు అర్థమైంది. కార్మికులు సరిగా పనిచేయక మిల్లు మునిగిందని ఊళ్లో ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ మిల్లును ఊరివాళ్లే కొనుక్కోవడానికి వీలుపడలేదా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ప్రయత్నించారు. స్థానిక మతపెద్దలు కూటమిగా ఏర్పడి, కార్మికులూ ఊరివారూ కలిసి మిల్లును నడిపే ప్రణాళిక తయారుచేశారు. అందుకు అవసరమైన రుణ హామీని ఫెడరల్ ప్రభుత్వం 1979లో నిరాకరించింది. అదే ఏడాది నవంబరులో యు.ఎస్. స్టీల్ అనే మరో ఉక్కు సంస్థ కూడా అక్కడి తన మిల్లుల మూసివేతను ప్రకటించింది. 1930లో సుమారు 1,70,000గా ఉన్న యంగ్స్‌టౌన్ జనాభా 2020 నాటికి దాదాపు 60,000కు పడిపోయింది. పెద్ద కర్మాగారాలు మూసేముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలన్న చట్టం అమెరికాలో 1988లో గాని రాలేదు.