ఆపత్కాలంలో ఆసుపత్రి నడిచేది ఆర్డర్‌తోనా, అనుబంధంతోనా?

నర్సింగ్_ట్యూటర్:
కోవిడ్ లాంటిది మీద పడ్డప్పుడు సూపరింటెండెంట్ ఖచ్చితంగా ఆర్డర్లు వేసి నడపాలని కొందరంటారు. సిబ్బందితో అనుబంధం లేకపోతే ఆ ఆర్డర్లు కాగితం దాటవని ఇంకొందరు. మీరేమంటారు? వార్డు పనితో చెప్పండి.

మత్తు_డాక్టర్:
ఆర్డరే. జంబో సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు లాగే రోగికి పదకొండున్నర గంటలు వస్తుంది. ముక్కు గొట్టాలతో వేగంగా ఇచ్చే హై ఫ్లోని పూర్తి ఆక్సిజన్‌తో నిమిషానికి 60 లీటర్లకు పెడితే రెండు గంటలు కూడా రాదు. ఎవరికి తగ్గించాలో ఒక్కరే తేల్చాలి. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై ప్రెషర్ పడిపోతే అధికారిక లెక్కలోనే 11 మంది పోయారు. అక్కడ చర్చకు టైమెక్కడిది?

ఐసీయూ_సిస్టర్:
డాక్టరు గారూ, లెక్క సరే, ఆ లెక్కకు అంకె ఇచ్చేదెవరు? వార్డుల పైపుల్లోకి ఆక్సిజన్ పంపే మానిఫోల్డ్ గదిలో గేజి చూసేది టెక్నీషియన్. సాచురేషన్, అంటే రోగి రక్తంలో ఆక్సిజన్ శాతం, జారడం ముందు కనబడేది స్టాఫ్ నర్సుకి. "ప్రెషర్ తగ్గుతున్నట్టుంది" అన్నందుకు రెండుసార్లు తిట్లు తిన్న మనిషి, మూడోసారి పూర్తిగా ఖాయం చేసుకున్నాకే ఫోన్ చేస్తాడు. ప్రాణాలు పోయేది ఆ పది నిమిషాల్లోనే. అనుబంధం అంటే తీపి మాటలు కాదండి. చెడు కబురు పైదాకా ఎంత త్వరగా చేరుతుందో చూడండి, అదీ దాని కొలత.

షిఫ్టు మారేటప్పుడు డాక్టరు, సిస్టరు, ఆక్సిజన్ టెక్నీషియన్, శానిటేషన్ సూపర్‌వైజర్ నిలబడే పది నిమిషాలు మాట్లాడుకోవాలి. ఆక్సిజన్ ఎవరికి ఎక్కువ పోతోంది, ఏది అయిపోవచ్చింది, నిన్న అడిగింది ఏమైంది? మూడో ప్రశ్న వదిలేస్తే వారం తిరిగేసరికి అడగడమే మానేస్తారు.

జూడా_గొంతు:
లోటును అనుబంధంతో కప్పేయకండి. 2020 మే 3న హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీద కోవిడ్ సిబ్బందికి గౌరవంగా హెలికాప్టర్‌తో పూలు చల్లారు. జూన్ 9 రాత్రి అక్కడే డ్యూటీ డాక్టరు మీద దాడి జరిగింది. రోడ్డెక్కిన జూనియర్ డాక్టర్లు (జూడాలు) ఓదార్పు అడగలేదు. భద్రత అడిగారు, మనుషుల్ని అడిగారు, కోవిడ్ రోగుల్ని మిగతా ఆసుపత్రులకూ పంచమన్నారు.

ఐసీయూ_సిస్టర్:
ఒప్పుకుంటాను. తన చేతిలో లేనిది లేదని సూపరింటెండెంట్ చెప్పేయాలి: "ఈ వారం మనుషులు రారు, పైకి రాశాను, ఇదిగో కాపీ." చేతిలో ఉన్నవి మాత్రం చేసి తీరాలి. డ్యూటీ చార్టు వారం ముందే గోడకెక్కాలి. పీపీఈలో ఆరు గంటలు దాటనివ్వకూడదు. మరణవార్త చెప్పడానికి పీజీ చదివే డాక్టరుని ఒంటరిగా పంపకూడదు. సీనియర్ పక్కనుండాలి, సెక్యూరిటీకి ముందే కబురందాలి.

మత్తు_డాక్టర్:
ఆ చివరిదానికి అడ్డు చెప్పను. ఫ్లో తగ్గించే ఆర్డర్ ఒక్కరే వేయాలన్న మాట మాత్రం వదలను. అయితే వేసినవాళ్లే పది నిమిషాల్లో బెడ్ దగ్గరికొచ్చి చూడాలి. సాచురేషన్ 90 కిందికి పడితే ఎవరినీ అడక్కుండా సిస్టరే ఫ్లో పెంచొచ్చని అదే ఆర్డర్‌లో రాయాలి.