పిల్లల డెంటల్ ఇన్సూరెన్స్: పాలసీ ఎవాల్యుయేషన్‌కి డేటా ఎక్కడ దొరుకుతుంది?

గోదారిగట్టు: అందరికీ నమస్కారం. పొద్దుట్నుంచి దీంతోనే కూర్చున్నా, తల ప్రాణం తోకకొచ్చింది. నా థీసిస్ అమెరికాలో పిల్లల డెంటల్ ఇన్సూరెన్స్ పాలసీ పనిచేసిందా లేదా అన్నది. మెప్స్ అనే ప్రభుత్వ వైద్య ఖర్చుల సర్వేలో డెంటల్ విజిట్స్ ఫైల్ దించుకున్నా. తీరా చూస్తే అందులో స్టేట్ కాలమే లేదు! దేశాన్ని నాలుగు రీజియన్లు చేసి వదిలేశారు. స్టేట్ తెలియకుండా ఏం తేల్చాలి? శుక్రవారం ప్రపోజల్ ఇవ్వాలి. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

లెక్కలపద్దు: ఏ స్టేట్? మెడికెయిడా (తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ప్రభుత్వ బీమా), ప్రైవేటా? ఏ సంవత్సరాలు?

పళ్లడాక్టర్: ఇన్సూరెన్స్ సంగతి తర్వాత. మన ఇళ్లల్లో పాలపళ్లేగా, ఎలాగూ ఊడిపోతాయని వదిలేస్తారు. రాత్రి పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెడితే పైవరస ముందు పళ్లు పుచ్చిపోతాయి. మొదటి పుట్టినరోజు లోపే ఒకసారి డెంటిస్టుకి చూపించాలి. ఆరేళ్లకి వచ్చే దవడపళ్లు ఇక జీవితాంతం ఉండేవి, వాటికి సీలెంట్, అంటే పుచ్చకుండా వేసే పూత, వేయించండి. ఇన్సూరెన్స్ కార్డు చేతిలో ఉండి కూడా నొప్పి మొదలయ్యాకే తెచ్చేవాళ్లని రోజూ చూస్తున్నా.

గోదారిగట్టు: డాక్టర్ గారూ, మంచి మాటే గానీ నాకు కావాల్సింది డేటా. లెక్కలపద్దు గారూ, ఒబామాకేర్ అండీ, ఆ ఆరోగ్య బీమా చట్టమే, ఇంకేముంటుంది? 2014 నుంచి పిల్లల డెంటల్ తప్పనిసరి చేశారుగా. దానికి ముందూ తర్వాతా పోల్చాలి.

లెక్కలపద్దు: కొనడం తప్పనిసరి కాదు. ప్లాన్లు ఇవ్వాలని ఆ చట్టం చెప్పిన పది ముఖ్య ప్రయోజనాల్లో పిల్లల పళ్ల వైద్యం ఉంది, నిజమే. కానీ మార్కెట్‌ప్లేస్‌లో (బీమా ప్లాన్లు అమ్మే ప్రభుత్వ వేదిక, ఎక్స్ఛేంజ్ అన్నా అదే) విడి డెంటల్ ప్లాన్ ఉంటే, మెడికల్ ప్లాన్ దాన్ని వదిలేయొచ్చు. విడిగా కొనమని ఫెడరల్ నిబంధనేమీ లేదు. 2014 తర్వాత పిల్లలందరికీ కవరేజీ వచ్చినట్టు లెక్కేస్తే అసలుకే ఎసరు.

ప్లాన్లలో ఏముందో కావాలంటే సీఎంఎస్ అనే ఫెడరల్ ఆరోగ్య బీమా సంస్థ ఇచ్చే ఎక్స్ఛేంజ్ పబ్లిక్ ఫైళ్లు చూడండి. 2014 నుంచి ఉన్నాయి, ఉచితం. ఏది డెంటల్ ప్లానో చెప్పే కాలమ్ ఉంటుంది. పిల్లల చెకప్, బేసిక్, మేజర్, ఆర్థోడాంటియా (పళ్లవరస సరిచేయడం) తలా ఒక వరస. అయితే ఆ ప్లాన్‌లో చేరిన పిల్లలు డెంటిస్టు దగ్గరికి వెళ్లారో లేదో అందులో ఉండదు.

గోదారిగట్టు: నాది కొలరాడో.

లెక్కలపద్దు: అది ముందే చెప్పాలి కదండీ! కొలరాడోది సొంత ఎక్స్ఛేంజ్. నేను చెప్పిన ఫైళ్లు ఫెడరల్ సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ వాడే స్టేట్లవి, వాటిలో మీకు దొరకదు.

క్లెయిమ్స్‌బాబు: కొలరాడోకి ఆల్ పేయర్ క్లెయిమ్స్ డేటాబేస్ ఉంది, అంటే రకరకాల బీమాల క్లెయిములు ఒకచోట చేర్చింది, డెంటల్ క్లెయిములూ అందులో ఉంటాయి. డి1351 కోడ్ అంటే సీలెంట్, డి1206 అంటే ఫ్లోరైడ్ వార్నిష్, లెక్కపెట్టుకోవచ్చు. కానీ జాగ్రత్త. 2016లో గోబైల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, సొంత డబ్బుతో ఉద్యోగులకి కవరేజీ ఇచ్చే కంపెనీలని డేటా ఇచ్చి తీరాలని స్టేట్ బలవంతపెట్టలేదు. అక్కడ పెద్ద ఖాళీ. ఇంకోటి, డెంటల్ క్లెయిమ్‌లో ఏ పని చేశారో ఉంటుంది గానీ, ఏ జబ్బుకి చేశారో సాధారణంగా ఉండదు.

పళ్లడాక్టర్: అదే నేననేది! పుచ్చు తగ్గిందా అన్నది క్లెయిమ్ చెప్పదు. నోరు తెరిపించి చూడాలి. ఎన్‌హేన్స్ అనే ప్రభుత్వ ఆరోగ్య సర్వేలో అలా చూసిన డేటా ఉంది.

లెక్కలపద్దు: దాని పబ్లిక్ ఫైల్లోనూ స్టేట్ ఉండదు డాక్టర్ గారూ.

రాజన్నపేట: డెంటల్‌ని ఇన్సూరెన్స్ అనడమే తప్పు. ఏడాదికి ఇంత అని పరిమితి పెట్టి, అది దాటితే మన జేబులోంచే. అది డిస్కౌంట్ కార్డు.

క్లెయిమ్స్‌బాబు: పెద్దవాళ్ల ప్లాన్లకి ఆ మాట సరే అన్నా. ముఖ్య ప్రయోజనం కింద పిల్లలకి ఇచ్చేదానిమీద ఏడాదికింత అని డాలర్ పరిమితి పెట్టకూడదు. రెండూ కలిపేయొద్దు.

రాజన్నపేట: మా అబ్బాయి బ్రేసెస్‌కి ఒక్క డాలర్ ఇవ్వలేదు మరి?

క్లెయిమ్స్‌బాబు: వైద్యపరంగా అవసరమని తేలితేనే ఇస్తారు. పళ్లవరస అందంగా ఉండాలంటే ఇవ్వరు.

లెక్కలపద్దు: గోదారిగట్టు గారూ, శుక్రవారానికైతే మెడికెయిడ్ పిల్లల మీదికి మార్చుకోండి. సీఎంఎస్ 416 ఫారం ప్రతి స్టేట్ ఏటా ఇస్తుంది. వయసులవారీగా 12ఏ వరసలో డెంటల్ సేవ పొందిన పిల్లలు, 12బి నివారణ, 12సి చికిత్స, 12డి సీలెంట్. అన్నీ మొత్తాలే, పిల్లవాడి స్థాయి వివరం ఉండదు. మెప్స్‌లో స్టేట్ కోడ్ కావాలంటే రిసెర్చ్ డేటా సెంటర్‌కి అర్జీ పెట్టాలి, అది ఈ వారంలో అయ్యే పని కాదు.

గోదారిగట్టు: సరే, 416 తీస్తున్నా. థాంక్స్ అండీ.

కొత్తమెంబర్: నాదీ ఇదే టాపిక్, టెక్సస్. 416లో ప్రైవేటు ప్లాన్ పిల్లలు కూడా వస్తారా?