993 మోడల్‌తోనే పోర్షె 911 కారు కథ ముగిసిందా?

గాలిగోపురం: ఎన్నిసార్లడిగినా ఇదే చెప్తా. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో చూపించిన బండికీ, 1998లో ఆగిపోయిన 993కీ రక్తసంబంధం ఉంది. ఇంజను వెనక, చల్లబరిచేది గాలి. దాని తర్వాత వచ్చిన 996కి నీళ్ళ రేడియేటర్ తగిలించి, ముందు సగం చవక పోర్షె బాక్‌స్టర్ దగ్గర అరువు తెచ్చారు. మిగిలింది పేరే.

నెకార్_ఒడ్డు: రేడియేటర్ సరదాకి పెట్టలేదన్నా. సిలిండర్‌కి నాలుగు వాల్వులుంటే ఆ హెడ్డులో (సిలిండర్ పైమూతలో) వేడి ఒట్టి గాలికి లొంగదు. 1980ల్లో పోర్షె సూపర్‌కారు 959కే హెడ్ల వరకు నీళ్ళు పెట్టారు. అయినా గాలి గాలి అంటారు, మీ 993ని సగం చల్లబరిచేది ఆయిలే. ముందు ఫెండర్‌లో ఆయిల్ కూలర్ దేనికి మరి?

గాలిగోపురం: గాలే. అంత ఫ్యాను కనపడట్లేదా?

నెకార్_ఒడ్డు: ఆయిల్ కూడా.

చిట్టిగారె: 996 హెడ్‌లైట్లు పెనం మీద సొన కారిన గుడ్డులా ఉంటాయి. నా ఓటు 993కే.

నెకార్_ఒడ్డు: మొదటి బండ్లు తోక జారుతున్నాయని ముందు బంపర్‌లో ఒక్కో పక్క 11 కిలోల దిమ్మె దాచారు. 1969 మోడల్‌కి ముందు, వెనక చక్రాల మధ్య దూరం 57 మి.మీ. పెంచారు. తర్వాత టర్బో వచ్చింది, 993కి ముందు తరం 964లో నాలుగు చక్రాలకీ పవర్ వచ్చింది. మధ్యలో 928 అనే ఇంకో మోడల్ తెచ్చి 911నే ఆపేద్దామనుకున్నారు. 1981లో కంపెనీ బాస్ పీటర్ షుట్జ్ ఉత్పత్తి చార్టు మీద 911 గీత గోడదాకా లాగాడు కాబట్టి బతికింది. ఇవన్నీ మింగి నీళ్ళ దగ్గర గొంతు పట్టేస్తుందా?

గాలిగోపురం: చదివింది చాలు తమ్ముడూ. 993 ఎప్పుడైనా నడిపావా? తలుపు వేస్తే ఆ టక్కుమనే చప్పుడు విన్నావా? నేలలోంచి లేచిన ఆ పెడల్స్ మీద కాలు పెట్టావా?

నెకార్_ఒడ్డు: లేదు. ఉండేది పోర్షె ఊరు స్టుట్‌గార్ట్‌లోనే అయినా మ్యూజియంలో చూడటమే. నాది సెకండ్‌హ్యాండ్ 996. నా జీతానికి అందిన 911 అదొక్కటే. నాలుగేళ్ళు దాచి కొన్నా. మీరిక్కడ కూర్చుని అది 911 కాదంటారు.

గాలిగోపురం: నాకుండేది, డాలస్‌లో. 2009లో ఉద్యోగం పోతే వచ్చిన ధరకి వదిలేశా. కొన్నవాడు నా కళ్ళముందే సీటు వెనక్కి జరుపుకున్నాడు. ఇప్పుడు 993ల ధరలు చూస్తే అన్నం సయించదు.

చిట్టిగారె: 2024లో హైబ్రిడ్ కూడా వచ్చింది, దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

గాలిగోపురం: దాని ఊసెత్తకు.

నెకార్_ఒడ్డు: అన్నా, ఫ్యాను ఉందని ఒప్పుకుంటున్నా.

నెకార్_ఒడ్డు: ఆయిల్ కూడా ఉంది.