బరనీ రాతలను ఎంతవరకు నమ్మాలి?

కోటగుమ్మం: జియావుద్దీన్ బరనీ మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో పదిహేడేళ్లు నదీం, అంటే సుల్తానుతో కూర్చుని కబుర్లు చెప్పే మనిషి. 1357లో ‘తారీఖ్-ఇ-ఫిరోజ్‌షాహీ’ ముగించాడు. అల్లావుద్దీన్ ఖిల్జీ నాటి బజారు ధరలు మనకు ఎక్కువగా తెలిసింది ఈయన వల్లే: మణుగు గోధుమలు ఏడున్నర జీతల్ నాణేలు. ఇదే పెద్దమనిషి తన రాజనీతి పుస్తకం ‘ఫతావా-ఇ-జహాందారీ’లో తక్కువ పుట్టుక వాళ్లకు నమాజు, ఉపవాసం నేర్పితే చాలు, రాయడం చదవడం నేర్పొద్దన్నాడు. ఈయన చరిత్రను నమ్మాలా?

వేపచెట్టు: ఆ మణుగు, బ్రిటిష్ వాళ్ల మణుగు ఒకటి కాదు. చూసుకోండి.

చెరువుగట్టు: ఫతావాలో ఆ మాట అన్నది గజనీ మహమూద్, కొడుకులకు బుద్ధులు చెబుతూ. బరనీ కాదండీ.

కోటగుమ్మం: మహమూద్ పోయింది 1030లో. మూడు వందల ఏళ్ల తర్వాత ఆయన నోట్లో మాటలు పెట్టిందెవరు?

చెరువుగట్టు: సరే, బరనీయే. కానీ ఏ స్థితిలో రాశాడు? 1351లో తుగ్లక్ పోయాక కొలువు పోయింది, భట్నేర్ కోటలో ఖైదు, చివరికి దరిద్రం. ఆ కడుపుమంటను సిద్ధాంతమంటే ఎలా? షరియత్‌తో పాటు రాజు అవసరాన్ని బట్టి సొంత చట్టాలు, ‘జవాబిత్’, చేసుకోవచ్చన్నదీ ఈయనే. దాని గురించి ఒక్కరూ మాట్లాడరు.

కోటగుమ్మం: కొలువు పోయినవాళ్లంతా ఇలా రాస్తారా? మా నాన్న అయిదో క్లాసులో ఉండగా అయ్యవారు పలక లాక్కుని “మీకెందుకురా చదువు, గొర్రెలెవరు కాస్తారు” అని విసిరేశాడు. మూల విరిగిన ఆ పలక ఇప్పటికీ మా అటక మీదుంది. జవాబిత్ గురించి మీరే చదువుకోండి.

వేపచెట్టు: ఇంతకీ జీతల్ రాగిదా, వెండిదా?

పొగబండి: ముస్లిం పాలన అంటేనే ఇంత. దీనికింత చర్చా?

చెరువుగట్టు: వచ్చాడండీ. బరనీ తిట్టిపోసింది ఎవరిననుకున్నావ్? తుగ్లక్ పైకి తెచ్చిన సారా కాసే అజీజ్ ఖమ్మార్ లాంటి వాళ్లని! ఏ సుల్తాను పేరెత్తినా జవాబు నేను చెప్పాలి, ఆఫీసు క్యాంటీన్లో కూడా. అందుకే బరనీని వెనకేసుకొచ్చాను, ఒప్పుకుంటున్నా. మేం దూదేకులవాళ్లం. ఆయన చేతిలో ఉంటే నన్ను కొలువు గుమ్మం కూడా ఎక్కనిచ్చేవాడు కాదు.

కోటగుమ్మం: ఈ ముక్క మొదటే చెప్పాల్సింది అన్నా. నేను మతాన్ని అడగలేదు, పుట్టుకనే అడిగాను.

చెరువుగట్టు: మీరు అడగలేదు. చదివేవాళ్లు పొగబండిలాగే చదువుతారు.

కోటగుమ్మం: ఒకటి చూడండి. బరనీ ఆ చరిత్ర ముగించేనాటికి తుగ్లక్ తర్వాతి సుల్తాను ఫిరోజ్‌షాకు వజీరు మన ఓరుగల్లు నుంచి వెళ్లి మతం మారిన మక్బూల్. ఆయనకు చదవడం రాయడం రాదని చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. రాజ్యం మాత్రం ఆయన చేతిలోనే ఉండేది.

చెరువుగట్టు: ఇద్దరి సమాధులూ ఢిల్లీలో నిజాముద్దీన్ దర్గా చుట్టుపక్కలే. వజీరుది ఎనిమిది మూలల కట్టడం. బరనీ పోయేనాటికి ఇంట్లో చిల్లిగవ్వ లేదంటారు.

వేపచెట్టు: జీతల్ సంగతి?

చెరువుగట్టు: రాగిలో కాస్త వెండి కలిపింది. ఇక పడుకోండి.