మరుపు మెదడు లోపమా, మెదడు చేసే పనా?

చదువరి:
అందరికీ నమస్కారం. రాత్రంతా మేలుకొని చదివిన పాఠం పరీక్ష హాలులో ఒక్క ముక్క కూడా గుర్తుకు రాలేదు. బయటికి వచ్చి మనసు కుదుటపడిన తరువాత అందులో సగం దానంతట అదే గుర్తుకు వచ్చింది, మిగిలిన సగం ఇప్పటికీ రాలేదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రకటించిన మరుపు రేఖ గురించి చదివాను గాని, నేర్చినది ఎంత వేగంగా జారిపోతుందో అది చూపుతుందే తప్ప శరీరంలో ఏం జరగడం వల్ల జారిపోతుందో చెప్పదు. తిరిగి వచ్చిన సగానికీ రాని సగానికీ జీవశాస్త్రపరంగా తేడా ఏమిటి? మరుపును మెదడు లోపంగానే భావించాలా?

నాడీశాస్త్ర బోధకురాలు:
మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉన్నది. ఆ రెండు సగాలూ రెండు వేరువేరు దశలలో చిక్కుకున్నాయని నాకు అనిపిస్తున్నది.

జ్ఞాపకం నేర్చిన క్షణంలోనే గట్టిపడదు. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు మూర్ఛవ్యాధి తగ్గించడానికి 1953లో మెదడుకు రెండు వైపులా, కొత్త జ్ఞాపకాలు ఏర్పడడానికి కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలో చాలా మేరకు, దాని చుట్టుపక్కల కణజాలాన్ని తొలగించారు. ఆ తరువాత 2008లో మరణించే వరకు ఆయన కొత్త సంఘటనలను గుర్తుంచుకోలేకపోయారు. బాల్యపు జ్ఞాపకాలు మాత్రం చాలావరకు నిలిచాయి. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన చేత సాధన చేయించగా, అంతకుముందు గీసిన సంగతే గుర్తు లేకపోయినా ఆయన చేయి రోజురోజుకూ మెరుగుపడింది. ఎన్నిసార్లు బోధించినా ఈ ఉదంతం నన్ను కదిలిస్తూనే ఉంటుంది. సంఘటనల జ్ఞాపకమూ చేతి నైపుణ్యమూ మెదడులోని వేరువేరు చోట్లపై ఆధారపడతాయని దీనివల్లనే స్పష్టమైంది.

పగలు చురుకుగా ఉన్న హిప్పోకాంపస్ కణాలు గాఢనిద్రలో అదే వరుసలో మళ్లీ స్పందించడాన్ని ఎలుకలలో నమోదు చేశారు. జ్ఞాపకం క్రమంగా మెదడు పైపొరలలో కుదురుకోవడానికి ఈ పునరావృతం తోడ్పడుతుందని భావిస్తున్నారు. మీరు ఆ రాత్రి నిద్ర మానేశారు కనుక, రాని సగం బహుశా గట్టిపడే అవకాశమే దొరకక పోయి ఉంటుంది.

తిరిగి వచ్చిన సగం సంగతి వేరు: అది భద్రంగానే ఉన్నది, దారి మూసుకున్నది. ఒత్తిడి వేళ అడ్రినల్ గ్రంథుల నుంచి వెలువడే కార్టిసాల్ అనే హార్మోన్ జ్ఞాపకాన్ని వెలికి తీసే పనికి అడ్డుపడుతుంది. ఎలుకలపై 1998లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, పరీక్షకు 30 నిమిషాల ముందు షాక్ ఇచ్చినప్పుడు అవి నేర్చిన చోటును గుర్తుపట్టలేకపోయాయి. 2 నిమిషాల ముందు గాని 4 గంటల ముందు గాని ఇచ్చినప్పుడు ఆ ఇబ్బంది కనబడలేదు. ఆ జాతి హార్మోన్ల తయారీని మందుతో ఆపితే 30 నిమిషాల నాటి ఇబ్బంది కూడా తొలగిపోయింది.

కణజీవి:
బోధకురాలు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, "లోపం" అన్న మాట దగ్గర నేను ఆగుతాను. ఆమె వివరించినవి కుదురుకోని జ్ఞాపకమూ చిక్కుకున్న జ్ఞాపకమూ. కుదురుకున్న జ్ఞాపకాన్ని మెదడే చెరపడం మూడవది. పండ్ల ఈగలలో డోపమైన్ అనే రసాయనంతో సందేశాలు పంపే కొన్ని నాడీకణాలు, వాసన గురించి నేర్చిన పాఠాన్ని నేర్చిన తరువాత నెమ్మదిగా చెరిపివేస్తాయని 2012లో వెల్లడైంది. వాటి పనిని అడ్డుకుంటే జ్ఞాపకం ఎక్కువసేపు నిలిచింది. అంటే మరచిపోవడానికీ కణాలు పనిచేయవలసి ఉంటుంది.

శైశవపు సంగతులు మనకు గుర్తుండకపోవడానికి కూడా ఇటువంటి కారణమే సూచించారు. పసి ఎలుకల హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు విరివిగా పుట్టి పాత అనుసంధానాల మధ్య చొరబడతాయి. ఆ పుట్టుకను తగ్గించినప్పుడు వాటి మరుపు కూడా తగ్గిందని 2014 నాటి పరిశోధన చూపింది. ఎదిగిన మనుషులలో అటువంటి కణాలు ఎంతమేరకు పుడతాయన్నది ఇంకా వివాదంలోనే ఉన్నది కనుక, దీనిని మీ పరీక్షకు అన్వయించను.

వైద్య విద్యార్థి:
ఒక్క సంగతి చేర్చాలి. వారాల తరబడి మతిమరుపు పెరుగుతూ ఉంటే దానిని ఒత్తిడి ఖాతాలో వేసి ఊరుకోకూడదు. థైరాయిడ్ హార్మోన్ తగ్గడం, విటమిన్ బి12 లోపం, నిద్రమాత్రలు, నిద్ర మత్తు కలిగించే కొన్ని పాత అలర్జీ మందులు జ్ఞాపకశక్తిని దెబ్బతీయగలవు. వీటిలో చాలావాటిని సకాలంలో గుర్తిస్తే సరిదిద్దవచ్చు.

చదువరి:
అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది: పరీక్ష ముగిశాక నేను పదిగంటలు నిద్రపోయాను. రాని సగం ఆ నిద్రలోనైనా కుదురుకోవాలి కదా?

నాడీశాస్త్ర బోధకురాలు:
నేర్చిన తరువాత వచ్చే మొదటి రాత్రి నిద్ర దక్కకపోతే, ఆపై రాత్రుల నిద్ర ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చలేదని మనుషులపై చేసిన ప్రయోగాలు సూచించాయి. పైగా మేలుకొని అలసిన హిప్పోకాంపస్ కొత్త విషయాన్ని సరిగా స్వీకరించదు. అందుచేత మీరు తెల్లవారుజామున చదివిన భాగం అసలు లోపలికే వెళ్లి ఉండకపోవచ్చు. రాని సగంలో ఎక్కువ భాగం ఏ వేళ చదివినదో ఒకసారి పరిశీలించి చెప్పండి.