మరుగుదొడ్డి కట్టినందుకా, వాడుతున్నందుకా: దేనికి చెల్లించాలి?

పేదల బస్తీలలో పారిశుద్ధ్య సేవలు నడిపే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున ఈ సందేహం అడుగుతున్నాను. మాకు నిధులిచ్చే దాత ఇకపై ముందుగా డబ్బు ఇవ్వకుండా, ఫలితాన్ని బయటి తనిఖీదారు ధ్రువీకరించిన తరువాతే చెల్లిస్తామంటున్నారు. ప్రపంచ బ్యాంకు ఇలాంటి సాయం కోసం 2003లోనే ఒక భాగస్వామ్యాన్ని ప్రారంభించింది కాబట్టి పద్ధతి కొత్తదేమీ కాదు, నాకు దానితో పేచీ కూడా లేదు. చిక్కల్లా ఫలితమంటే ఏమిటన్న దగ్గరే వస్తోంది.

కట్టిన మరుగుదొడ్లను లెక్కపెట్టడం సులువే. కానీ నేను తనిఖీకి వెళ్లిన ఒక ఇంట్లో బేసిన్‌కు చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. లోపల పాత సైకిలు, ఖాళీ సిమెంటు సంచులు ఉన్నాయి. లెక్కలో అదీ ఒక ఫలితమే! వాడకాన్ని కొలుద్దామంటే, అడిగిన ప్రతివారూ వాడుతున్నామనే చెబుతారు. పైగా మా ఒప్పందం రెండేళ్లదే, గుంత నిండడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. నిండాక మలాన్ని అక్కడే భద్రంగా పూడ్చడమో, శుద్ధి కేంద్రానికి చేర్చడమో జరగకపోతే, ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలో పారిశుద్ధ్యానికి చెందిన 6.2 కొలమానం ప్రకారం అది సురక్షిత సేవ కానే కాదు.

ఇలాంటి ఒప్పందాలలో పనిచేసినవారు దయచేసి చెప్పండి: చెల్లింపులో ఎంత భాగాన్ని నిర్మాణానికి, ఎంత భాగాన్ని తరువాతి సేవకు కేటాయించారు? మొదటి విడత అందేదాకా మేస్త్రీలకు, గుంతలు ఖాళీ చేసే కార్మికులకు కూలి ఎలా సర్దారు? ఇరుకు సందులలోని నిరుపేదలను వదిలేసి సిబ్బంది సులువైన ఇళ్లకే వెళ్లకుండా, ఆ సందులలోని ఇళ్లకు చెల్లింపు రేటు పెంచడం ఫలించిందా?